ఆల్బమ్‌తో పనిలేని ఊరి నుంచి వచ్చిన తొలి ఆల్బమ్

బ్రెజిల్ పాటలు అనగానే మనకు సాంబా గుర్తొస్తుంది, కాస్త ఎక్కువ వినేవాళ్లకి బోసా నోవా, రీల్స్ తెగ చూసేవాళ్లకి రియో ఫంక్. అక్కడితో మన లిస్టు అయిపోతుంది. ఇవన్నీ దాదాపు రియో చుట్టుపక్కల పుట్టినవే. అక్కడి నుంచి రెండు వేల కిలోమీటర్లకు పైగా ఉత్తరానికి వెళ్తే, అమెజాన్ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో బెలేం అనే నగరం ఉంది, పారా రాష్ట్రానికి రాజధాని. అక్కడి పేటల్లో 2000ల మొదట్లో కంప్యూటర్ మీద తయారైన డాన్స్ పాప్ ఒకటి ఊరిని ఊపేసింది. పేరు టెక్నోబ్రేగా. ఆ పేటల్లోంచి వచ్చిన గాయని గాబీ అమరాంతోస్ 2012లో తెచ్చిన తొలి సోలో ఆల్బమ్ ‘ట్రేమి’ గురించి ఎప్పటి నుంచో రాద్దామనుకుంటున్నా.

గాబీ 1978లో పుట్టింది, పెరిగింది బెలేంలో నది ఒడ్డున ఉండే జురునాస్ అనే పేటలో. ముందు చర్చిలో పాడింది, తర్వాత బార్లలో, ఆ తర్వాత టెక్నో షో అనే బ్యాండ్ పెట్టుకుని ఊరూరా తిరిగింది. అంటే ట్రేమి వచ్చేనాటికి ఆమె కొత్త గాయని కాదు. బెలేంలో ఏ ఆటో మెకానిక్‌ని అడిగినా గుర్తుపట్టే గొంతు. అయినా సొంత పేరు మీద ఒక్క ఆల్బమ్ లేదు, అప్పటికి వయసు ముప్పై దాటేసింది. మన లెక్కలో ఇది ఆలస్యం. అక్కడి లెక్కలో అసలు విషయమే కాదు, ఎందుకంటే ఆ ఊరి సంగీతం నడిచిన తీరులో ఆల్బమ్ అనే వస్తువుకు చోటు లేదు. నాకు ఈ రికార్డు మీద ఆసక్తి మొదలైందే అక్కడ. అవసరమే లేని చోట ఒకరు కూర్చుని తొలి ఆల్బమ్ చేశారంటే, అది ఎవరి కోసం?

దీనికి ముందు ఆ వ్యవస్థ ఎలా నడిచేదో చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు.

బెలేంలో అపరెల్యాజేం అని ఉంటాయి. పెద్ద పెద్ద సౌండ్ సిస్టమ్‌లు అనుకోండి, కానీ ఆ మాట చాలదు. ఒక్కోదానికీ ఒక పేరు, ఒక గుర్తు, ఒక అభిమాన సైన్యం. తుపినంబా, సూపర్ పాప్, రూబీ ఇలాంటివి. చాలావాటిని కుటుంబాలే నడుపుతాయి, తండ్రి తర్వాత కొడుకులు. గోడల్లా పేర్చిన స్పీకర్లు, ఎల్‌ఈడీ తెరలు, మధ్యలో అంతరిక్ష నౌకలాంటి డీజే బూత్, ఆ బూత్ పాట మధ్యలో పైకి లేస్తుంది, పొగ కక్కుతుంది. లోపలున్న డీజే పాట ఆపకుండానే మైకులో వచ్చినవాళ్ల పేర్లు పిలుస్తుంటాడు, ఫలానా గ్యాంగ్ వచ్చింది, ఫలానా అమ్మాయి పుట్టినరోజు అంటూ. తన పేరు ఆ స్పీకర్లలో మోగితే చాలు, ఆ వారమంతా అదే కబురు. జనం కూడా గాయకుల కోసం రారు, ఆ అపరెల్యాజేం కోసం వస్తారు. తుపినంబా అభిమానులైతే రెండు చేతులతో ‘టి’ ఆకారం చూపిస్తారు.

ఇక పాట పుట్టేది ఎక్కడంటే ఇంట్లో, ఒక గదిలో, మామూలు కంప్యూటర్ మీద. ఫ్రూటీ లూప్స్ లాంటి సాఫ్ట్‌వేర్, ఒక మైకు, అంతే. రికార్డు చేసిన పాటని డీజేలకి ఉచితంగా ఇచ్చేసేవాళ్లు, వీధిలో సీడీలు అమ్మేవాళ్లకీ ఉచితంగానే ఇచ్చేవాళ్లు. వాళ్లు కాపీలు కొట్టి ఫుట్‌పాత్ మీద అమ్ముకునేవాళ్లు. పాడినవాళ్లకి అందులో పైసా వచ్చేది కాదు. ఆ సీడీ ఊరంతా తిరిగితే పేరు వచ్చేది, పేరొస్తే షోలకి పిలిచేవాళ్లు, డబ్బు ఆ షోల్లో వచ్చేది. మిగతా ప్రపంచంలో సంగీత కంపెనీలు పైరసీ మీద కేసులు వేస్తూ గగ్గోలు పెడుతున్న రోజుల్లో ఇక్కడ పైరసీనే పంపిణీ విభాగం!

సహజంగానే దీన్ని చూసి బయటివాళ్లు ముచ్చటపడ్డారు. 2008లో రొనాల్దో లేమోస్, ఊనా కాస్త్రో అనే ఇద్దరు పరిశోధకులు ఈ వ్యాపారం మీద ఏకంగా పుస్తకమే రాశారు, కాపీరైట్ గురించిన డాక్యుమెంటరీల్లో బెలేం ఒక ఉదాహరణ అయిపోయింది. ఇంటర్నెట్ తర్వాతి సంగీతం ఎలా బతకాలో ఈ పేటలవాళ్లు ముందే కనిపెట్టేశారని ఒక కథ తయారైంది. కథ నిజమే, కానీ నాకు అందులో సగమే నచ్చుతుంది. షోలు చేయగలిగినవాడికి బాగుంది సరే, ఇంట్లో కూర్చుని పాటలు రాసేవాడి సంగతేంటి? సీడీ మీద డీజే పేరు ఉండేది, అపరెల్యాజేం బొమ్మ ఉండేది, పాట రాసినవాడి పేరు ఉండేది కాదు. గాయని కూడా ఒక పాట పాతబడేలోపు ఇంకో పాట ఇస్తూనే ఉండాలి, ఆగితే మర్చిపోతారు. జబ్బు చేసో, బిడ్డ పుట్టో ఒక సీజన్ షోలు మానేస్తే ఆదాయమే లేదు. దీన్ని భవిష్యత్తు అని పొగిడినవాళ్లలో ఎవరూ ఆ సీడీల మీద బతకలేదు కదా.

ఇంకో లక్షణం కూడా చెప్పాలి. ఈ సంగీతం నిండా వెర్షన్లే. ప్రపంచంలో ఎక్కడ ఏ పాట హిట్టయినా నాలుగు రోజుల్లో దానికి పోర్చుగీస్ మాటలు తగిలించి, కింద టెక్నోబ్రేగా బీట్ వేసి వదిలేస్తారు. అనుమతి అడిగే ప్రసక్తే లేదు. గాబీకి బెలేం బయట మొదట పేరొచ్చింది కూడా ఇలాగే, బియాన్సే ‘సింగిల్ లేడీస్’ని తన మాటల్లో పాడి. దాంతో పత్రికలవాళ్లు ‘పారా బియాన్సే’ అని బిరుదు తగిలించారు. ఆ బిరుదు ఆమెకి తలుపులు తెరిచిన మాట నిజం, అదే సమయంలో ఆమె సొంతంగా ఎవరు అన్నది ఎవరూ అడగకుండా చేసిన మాటా నిజం. ఇంకొకరి పేరుతో పిలిపించుకుంటూ ఎన్నాళ్లుంటారు?

అందుకే ట్రేమిని నేను డబ్బు కోసం చేసిన రికార్డుగా వినను. పేరు కోసం చేసింది. కీర్తి అనే అర్థంలో కాదు, అట్ట మీద తన పేరు, పాట కింద రాసినవాళ్ల పేరు, వాయించినవాళ్ల పేరు అచ్చు కావడం. ఆ ఊళ్లో ఎవరికీ దొరకనిది అదే. పైగా అప్పటికి బ్రెజిల్‌లో బ్రేగా (టెక్నోబ్రేగాకి మూలమైన పాత ప్రేమ పాటల శైలి) అంటే చౌకబారు, నాటు, పనిమనుషులు వినే పాటలు అనే ఏడిపింపు ఉండనే ఉంది. సావో పావ్లో పత్రికలు సమీక్ష రాయాలంటే వాళ్ల చేతికి ఒక ఆల్బమ్ కావాలి, పెన్‌డ్రైవ్‌లో పాటలిస్తే రాయరు.

ఆల్బమ్ మొత్తానికి దారి చూపింది కార్లోస్ ఎదువార్దో మిరాండా. 90ల్లో బ్రెజిల్ రాక్‌లో కొత్త బ్యాండ్లని వెతికి పట్టుకున్న నిర్మాత ఆయన, 2018లో పోయారు. పారా వైపు సంగీతం మీద ఆయనకి అప్పటికే పిచ్చి. నిర్మాణంలో బెలేం గిటారిస్టు ఫెలిక్స్ రొబాతో ఉన్నాడు. బీట్లలో గ్యాంగ్ దో ఎలెత్రో బృందానికి చెందిన వాల్దో స్క్వాష్ చేయి ఉంది. ఈ కలయిక ముఖ్యం. పేట నుంచి వచ్చిన బీట్‌మేకర్, ఆ ప్రాంతపు పాత గిటార్ బాణీ తెలిసినవాడు, బయటి మార్కెట్ తెలిసిన పెద్దమనిషి, ముగ్గురూ ఒకే బల్ల దగ్గర. మార్కెట్లోకి తెచ్చింది సోం లివ్రి, అప్పట్లో గ్లోబో టీవీ వాళ్లతో ముడిపడి ఉన్న లేబుల్. అంటే ఫుట్‌పాత్ నుంచి నేరుగా దేశంలోని అతిపెద్ద మీడియా సంస్థ గుమ్మంలోకి.

మొదటి పాట ‘షిర్లే’. ఇది వింటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది, ఎంత తెలివైన ఎంపికో! లేబుల్ ద్వారా దుకాణాల్లో అమ్మే ఆల్బమ్‌లో అనుమతి లేని వెర్షన్లు పెట్టడం కుదరదు కదా, మరి టెక్నోబ్రేగా అంటేనే దొంగ వెర్షన్లాయె. ఏం చేశారంటే ఆ దొంగతనాన్నే పాటగా పెట్టుకున్నారు. నీ పాటని శాంపిల్ చేస్తా, నిన్ను దోచుకుంటా అని గాబీ నవ్వుతూ బెదిరిస్తుంది, అదీ చట్టబద్ధంగా. అదే పాటలో ప్రియుణ్ని వశం చేసుకోడానికి లోదుస్తుల్లో కాఫీ వడగట్టి తాగించే ముచ్చట కూడా వస్తుంది. అది బ్రెజిల్‌లో అందరికీ తెలిసిన మోటు వశీకరణం, తెలియనివాళ్లు కాసేపు గుటకలు మింగుతారు. పైగా ఈ పాట పుట్టింది బెలేంలో కాదు, రెసిఫీ అనే ఇంకో నగరానికి చెందిన జే కఫోఫీన్యో దగ్గర. అంటే పేట సంగీతం గురించి బయటివాడు రాసిన పాటని పేట గాయని సొంతం చేసుకుంది. దోచుకుంటా అన్నమాట అక్కడే అమలైపోయింది!

శబ్దం గురించి చెప్పాలంటే, టెక్నోబ్రేగా బీట్ గుర్తుపట్టడం తేలిక. వేగంగా పరిగెత్తే డ్రమ్, ఎదురు దెబ్బలో పడే స్నేర్, పైన పలచగా, కీచుగా ఉండే సింథ్. బేస్ మరీ లావుగా ఉండదు. దాని మీద మెలోడీ మాత్రం పాతకాలపు ప్రేమ పాటది, ఏడుపుగొట్టుది. ఈ రెండూ కలవకూడనివి కలిసినట్టు ఉంటాయి, కాళ్లు ఎగురుతుంటే గొంతు విలపిస్తూ ఉంటుంది. ట్రేమిలో ఈ బీట్‌కి పక్కనే గిటారాడా వినిపిస్తుంది, అంటే పారా ప్రాంతపు ఎలక్ట్రిక్ గిటార్ శైలి. 70ల చివర్లో మెస్త్రి వియెయ్‌రా లాంటివాళ్లు కరేబియన్ వైపు నుంచి వచ్చే మెరెంగే, కుంబియా అనే డాన్స్ పాటలు వింటూ తయారుచేసుకున్నది. మ్యాప్ చూస్తే బెలేంకి రియో ఎంత దూరమో అర్థమవుతుంది, కరేబియన్ వైపు గాలి ఎందుకు తగిలిందో కూడా. ‘మెరెంగే లచీనో’ అనే పాటలో ఆ వాసన తిన్నగా ముక్కుకి తగులుతుంది.

నాకు ఆల్బమ్ మొత్తంలో బాగా ఇష్టమైన చోటు ‘మెస్తీసా’, డోనా ఒనెటితో కలిసి పాడింది. డోనా ఒనెటి గురించి విడిగా ఒక పోస్ట్ రాయొచ్చు. 1939లో మరజో దీవిలో పుట్టిన ఆవిడ జీవితమంతా బడిలో చరిత్ర పాఠాలు చెప్పి, రిటైరయ్యాక గాయని అయ్యారు. ఆవిడ తొలి సోలో ఆల్బమ్ కూడా 2012లోనే వచ్చింది, డెబ్బై దాటాక! గాబీది ఆలస్యం అన్నానే పైన, వెనక్కి తీసుకోవక్కర్లేదు గానీ ఆవిడ ముందు అదెంత. ఆ పాటలో ముసలావిడ గొంతు రాగానే యంత్రం బీట్ కాస్త పక్కకి జరిగినట్టనిపిస్తుంది, కరింబో లయ ముందుకొస్తుంది. అమెజాన్ ఒడ్డు పల్లెల డప్పు నాట్యం అది. పేటలో కంప్యూటర్ మీద పుట్టిన పాటకి నానమ్మ ఎవరో ఎవరూ ఉపన్యాసం ఇవ్వకుండానే తెలిసిపోతుంది.

‘ఫాజ్ ఓ టే’ ఇంకో రకం. పైన చెప్పిన తుపినంబా ‘టి’ గుర్తు ఇదే. బయటివాడికి ఏమీ వివరించదు, చేతులెత్తు అంటుంది అంతే. ఆల్బమ్‌లో బెలేం వాళ్ల కోసం మాత్రమే పెట్టినట్టున్న పాట ఇది. బయటివాణ్నయిన నాకు కూడా ఇదే ఎక్కువ నచ్చడం విచిత్రం ఏమీ కాదు, మన కోసం మెత్తగా చేయనివే ఎప్పుడూ బలంగా తగులుతాయి.

మెత్తగా చేసినవి ఉన్నాయా అంటే ఉన్నాయి. ఫెర్నాండా తకాయితో పాడిన ‘పిమెంత కోం సౌ’ చక్కగానే ఉంటుంది, కానీ తకాయి నాజూకు ఇండీ పాప్ గొంతు, గాబీది గుండెల్లోంచి వచ్చే గొంతు, ఇద్దరూ ఒకరికొకరు మర్యాద చేసుకుంటూ పాట అయిపోగొట్టారు అనిపిస్తుంది. పల్లె ప్రేమ పాటల గాయకుడు జెజే ది కమార్గో పాత హిట్ ‘కొరసావ్ ఎస్తా ఎం పెదాసోస్’ కూడా ఉంది. ఎందుకు పెట్టారో అర్థమవుతుంది, బ్రేగాకీ పల్లె ప్రేమ పాటలకీ చుట్టరికం చూపించడానికి. కానీ ఆల్బమ్ చివరికి వచ్చేసరికి ఇలాంటి ‘చూడండి, మేం ఇదీ చేయగలం’ పాటలు కాస్త ఎక్కువయ్యాయేమో. తొలి ఆల్బమ్ జబ్బే ఇది. మళ్లీ అవకాశం వస్తుందో రాదో అని ఉన్నవన్నీ ఒకే సంచిలో కుక్కేస్తారు. పదేళ్లు ఎదురుచూసిన మనిషి ఆ పని చేస్తే తప్పు పట్టలేం, ఒక రెండు పాటలు తీసేస్తే బాగుండేదని మాత్రం అంటాను.

‘ఎక్స్ మై లవ్’ సంగతి వేరు. ఇది అసలు హిట్. మాజీ ప్రియుడి ప్రేమని అమ్మకానికి పెడితే రూపాయి కూడా రాదని వెక్కిరించే పాట (వాళ్ల లెక్కలో ఒకటీ తొంభై తొమ్మిది, అంటే రెండు రెయాయిస్ కూడా చేయడు). వెలోసో జియాస్ రాశాడు. 2012లో గ్లోబోలో వచ్చిన ‘షేయాస్ జి షార్మి’ అనే సీరియల్‌కి టైటిల్ సాంగ్ అయింది. ఆ సీరియల్ కథ తెలిస్తే ఇంకా మజా. ముగ్గురు పనిమనుషులు, యజమానురాలి ఇంట్లో సరదాగా తీసుకున్న పాట వీడియో ఇంటర్నెట్లో లీకై రాత్రికి రాత్రే స్టార్లవుతారు. బ్రేగాని పనిమనుషుల పాటలని వెక్కిరించిన దేశంలో, పనిమనుషులే హీరోయిన్లయిన సీరియల్, దానికి ముందు రోజూ సాయంత్రం గాబీ గొంతు. ఫుట్‌పాత్ సీడీలు పదేళ్లలో చేయలేనిది టీవీ కొన్ని వారాల్లో చేసేసింది. స్వతంత్ర సంగీతం అభిమానులకి ఈ భాగం మింగుడుపడదు, నాకూ కాస్త అంతే, కానీ జరిగింది అది. ఊరంతా ఉచితంగా పంచుకుంటే ఊరంతా తెలుస్తుంది, దేశమంతా తెలియాలంటే గ్లోబో కావాల్సి వచ్చింది.

మరి బెలేం వాళ్లు దీన్ని ఎలా తీసుకున్నట్టు? అపరెల్యాజేంలో ఆల్బమ్ ఆల్బమ్‌లా మోగదు, డీజే ఒక పాట ముక్క తీసుకుంటాడు, వేగం పెంచుతాడు, మీద పేర్లు అరుస్తాడు, ఇంకో దాంట్లో కలిపేస్తాడు. ట్రేమి మాత్రం మొదలు, చివర ఉన్న పాటల వరస. స్టూడియోలో శుభ్రంగా కలిపింది, ప్రతి వాయిద్యం దాని చోట ఉంది. పేటలో రికార్డయిన పాత టెక్నో షో పాటలు ఆన్‌లైన్లో దొరికితే పక్కన పెట్టి వినండి. ఆ గరుకు, ఆ పగిలిపోయే శబ్దం ట్రేమిలో లేదు. కొందరు దీన్ని నష్టం అంటారు. నా లెక్కలో సగం నష్టం. పగిలిన శబ్దం పేదరికం వల్ల వచ్చింది, దాన్నే అలాగే భద్రంగా ఉంచుకోమని గాయనికి చెప్పడం మన పని కాదు. కానీ ఆ హడావిడి, పాటలు ఒకదానిమీదొకటి ఎక్కి తొక్కుకోవడం, అది పేదరికం కాదు, అది శైలి. దాన్ని ఆల్బమ్‌లోకి ఎలా తేవాలో 2012లో వాళ్లకి ఇంకా దొరకలేదు.

తర్వాత దొరికింది. 2021లో ‘పురాకే’ చేసింది, పారాకే చెందిన జలూ అనే నిర్మాతతో కలిసి. ఇది మరీ నీటి కింద విన్నట్టుండే ఎలక్ట్రానిక్ పాప్, పేరు కూడా అమెజాన్‌లో కరెంటు షాక్ కొట్టే చేపది. 2022లో పాత బ్యాండ్ పాటలు మళ్లీ పాడి ‘టెక్నోషో’ తెచ్చింది. 2025లో వచ్చిన ‘రాక్ డోయ్‌డో’ అయితే అపరెల్యాజేం సెట్‌లాగే ఆగకుండా సాగుతుంది, చిన్న చిన్న పాటలు, ఒకదాంట్లోంచి ఇంకొకటి. ట్రేమి విని, వెంటనే ఇది వింటే ఈ పదమూడేళ్లలో ఎవరు ఎవరి దగ్గరికి నడిచారో వినిపిస్తుంది. అప్పుడు ఆమె ఆల్బమ్ దగ్గరికి వెళ్లింది, ఇప్పుడు ఆల్బమ్ ఆమె పేటకి వచ్చింది. ఈ మధ్యలో బ్రెజిల్ పెద్ద పాప్ స్టార్లలో ఒకరైన పబ్లో వితార్ కూడా 2021లో ఉత్తరాది పాత పాటలని తీసుకుని ఒక ఆల్బమ్ చేసింది, జనం ఎగబడి విన్నారు. 2012లో వివరించి చెప్పాల్సి వచ్చిన శబ్దం అప్పటికి వివరణ లేకుండా రేడియోలో మోగుతోంది.

కొత్తగా వినేవాళ్లు ‘షిర్లే’తో మొదలుపెట్టి, ‘ఫాజ్ ఓ టే’, ‘మెస్తీసా’ వినండి, ‘ఎక్స్ మై లవ్’ ఎలాగూ తగులుతుంది. ఫోన్ స్పీకర్లో మాత్రం వద్దు, సింథ్ కీచుదనం ఒక్కటే వినిపించి తలనొప్పి వస్తుంది. ఇక ‘టెక్నోషో’కి 2023లో లాటిన్ గ్రామీ వచ్చింది, తీరా చూస్తే అది ఇచ్చింది పోర్చుగీస్ భాషా మూల సంగీతం విభాగంలో, అంటే జానపదాలూ సంప్రదాయాలూ ఉండే విభాగం. కంప్యూటర్లో కొట్టిన బీట్లు, దొంగ వెర్షన్ల అలవాటు, పొగ కక్కే డీజే బూత్, ఇదంతా సంప్రదాయం ఎప్పుడయిందో గానీ, ఆ అవార్డు ఇచ్చినవాళ్లని ఒకసారి తుపినంబా స్పీకర్ల ముందు నిలబెట్టాలని ఉంది.